రెండు నెలలకే తేరుకున్నాడు, మరి ఆరు నెలల మాత్రలెందుకు?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపూరు. మా తమ్ముడికి ఇరవై నాలుగేళ్లు. విశాఖలో వెల్డింగ్ పని చేస్తూ దగ్గుతో, సాయంత్రం జ్వరంతో ఇంటికొచ్చాడు. గళ్ల (కఫం) పరీక్షలో ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. ఇక్కడి ప్రభుత్వాసుపత్రి మందులు వాడుతున్నాడు. రెండు నెలలయ్యేసరికి దగ్గు పోయింది, కాస్త ఒళ్లు చేశాడు. ఇక మాత్రలు చాలు, పనిలోకి పోతానంటున్నాడు. ఈ మధ్య ఫోన్‌లో ఒక వీడియో చూశాను. టీబీ క్రిమి మన రోగనిరోధక కణాల లోపలే దాక్కుని బతుకుతుందట. నిజమేనా? అలాగైతే ఇమ్యూనిటీ పెంచే తిండి పెట్టడం ఆ క్రిమికే మేలు చేసినట్టు కాదా? మా వీధి ఆర్ఎంపీ గారేమో బలానికి ఇంజెక్షన్లు చేయించమంటున్నారు, ఒక పొడి కూడా వాడమంటున్నారు. ఇంట్లో మా బాబు ఉన్నాడు, నాలుగేళ్లు. మా అమ్మ అడ్డపొగ తాగుతుంది. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, గుణుపూరు

జవాబు:

అమ్మా, మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు మాత్రలు ఒక్కరోజు కూడా ఆగకుండా చూడండి. నేను సూక్ష్మజీవుల పాఠం చెప్పే మనిషిని, మందు రాసే డాక్టర్ని కాను. మోతాదులో ఏ మార్పయినా మీ ఆసుపత్రి డాక్టరు చెప్పాల్సిందే. ఆ మాత్రలు లోపల ఏం చేస్తున్నాయో, ఎందుకంత కాలం పడుతుందో మాత్రం నేను చెప్పగలను. అది తెలిస్తే మీ తమ్ముడితో వాదించడం మీకు తేలికవుతుంది.

వీడియోలో చెప్పింది నిజమే. కాకపోతే సగమే చెప్పారు.

దగ్గు తుంపరతో గాలిలో తేలి వచ్చిన క్రిమి ఊపిరితిత్తుల చివరనుండే గాలిగదుల దాకా వెళుతుంది. అక్కడ మాక్రోఫేజ్‌లనే పెద్ద కణాలు తిరుగుతుంటాయి. దుమ్ము, పొగ నుసి, చచ్చిన కణం, బాక్టీరియా, ఏది తగిలినా మింగడమే వాటి పని. మింగినదాన్ని ఒక చిన్న సంచిలో బంధిస్తాయి. ఆ సంచి త్వరలోనే పుల్లబడుతుంది. తర్వాత జీర్ణరసాలున్న లైసోజోమ్ అనే మరో సంచి వచ్చి దానితో కలిసిపోతుంది. మామూలు బాక్టీరియా కథ అక్కడితో సరి.

ఇలా మింగే కణాలున్నాయని ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రవేత్త 1882 చివర్లో ఇటలీలోని మెస్సీనాలో కనిపెట్టాడు. నక్షత్రచేప పిల్లల ఒంట్లో ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు మూగడం చూశాడు. క్షయ క్రిమిని కనుగొన్నానని రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో ప్రకటించింది కూడా ఆ ఏడాదే, మార్చి 24న. ఈ క్రిమీ ఆ కణమూ ఎదురుపడితే ఏమవుతుందో కంటితో చూడడానికి మాత్రం దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. 1971లో లండన్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ అనే ఇద్దరు మాక్రోఫేజ్‌ల లైసోజోమ్‌లకు ముందే ఒక గుర్తు పెట్టారు. తర్వాత వాటికి టీబీ క్రిములను మేపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూశారు. చచ్చిన క్రిమి ఉన్న సంచులతో లైసోజోమ్‌లు మామూలుగానే కలిశాయి. బతికున్న క్రిమి ఉన్న సంచుల్లో చాలావాటితో కలవలేదు. అంటే ఆ కలయికను క్రిమే అడ్డుకుంటోందన్నమాట. (ఈ హార్ట్ నూటఆరేళ్లు బతికాడు. నూరు దాటాక కూడా ల్యాబుకు వెళ్లేవాడు. ఆయన పేరు మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.)

ఎలా అడ్డుకుంటుందన్నది ఆ తర్వాత కొంచెం కొంచెంగా తెలిసింది. ఈ క్రిమి గోడ మామూలు గోడ కాదు, మైకోలిక్ ఆమ్లాలతో నిండిన మందపాటి మైనపు పొర. మీ తమ్ముడి గళ్లను రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూసి ఉంటే, ఆమ్లంతో కడిగినా ఎర్రరంగు వదలనివాటిని వెతికి ఉంటారు. ఆ మొండితనమంతా ఈ మైనానిదే. ఈ గోడలోని కొన్ని కొవ్వు పదార్థాలు, క్రిమి బయటికి వదిలే కొన్ని ఎంజైములు కలిసి సంచి మీదుండే సంకేతాలను చెరిపేస్తాయి. దాంతో ఏ సంచితో కలవాలో లైసోజోమ్‌కు తెలియదు. సంచిని పులియబెట్టే ప్రోటాన్ పంపులు కూడా అక్కడికి సరిగా చేరవు. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు; మామూలుగా 5 దాకా పడిపోవాల్సిన ఆ పీహెచ్ 6కు పైనే ఆగిపోతుంది. ఆ మాత్రం పులుపు ఈ క్రిమికి లెక్కలోది కాదు.

కణం ఊరుకోదు. పెరాక్సైడ్ లాంటి ఘాటైన రసాయనాలు క్రిమి మీదికి వదులుతుంది. వాటిని విరిచెయ్యడానికి క్రిమి దగ్గర క్యాట్‌జీ అనే ఎంజైము ఉంది. నాకు బాగా నచ్చిన ముచ్చట ఇక్కడే ఉంది. మీ తమ్ముడు రోజూ మింగే మందుల్లో ఐసోనయాజిడ్ ఒకటి. మాత్రలో ఉన్నప్పుడు అది విషం కాదు. క్రిమి లోపలికి వెళ్లాక ఈ క్యాట్‌జీ దాన్ని విషంగా మారుస్తుంది, ఆ విషం మైకోలిక్ ఆమ్లం తయారీని ఆపేస్తుంది. తన రక్షణకు పెట్టుకున్న ఎంజైముతోనే తన గోడ కూల్చుకుంటుందన్నమాట. ఐసోనయాజిడ్‌కు లొంగని టీబీలో చాలాసార్లు చెడి ఉండేది ఈ క్యాట్‌జీ జన్యువే.

అన్ని క్రిములూ ఒకే దారి పట్టవు. టైఫాయిడ్ క్రిమి కూడా మాక్రోఫేజ్‌లోనే బతుకుతుంది కానీ అది పులుపును ఆపదు. సంచి పుల్లబడగానే అదే సంకేతంగా తీసుకుని తన పని మొదలుపెడుతుంది. స్క్రబ్ టైఫస్ క్రిమి అసలు సంచిలోనే ఉండదు, చించుకుని కణంలోకి దూకేస్తుంది. కుష్ఠు క్రిమి నరాల చుట్టూ ఉండే కణాల్లో కూడా కాపురం పెడుతుంది, అందుకే ఆ జబ్బులో స్పర్శ పోతుంది. ఆ కథలు ఇంకోసారి.

ఇక మీ తమ్ముడి వాదనకు వద్దాం. పెసలో ఉలవలో పురుగు పడితే మీ అమ్మగారు ఏం చేస్తారో అడగండి. రెండురోజులు ఎండలో పోసి జల్లిస్తే పైన తిరిగే పురుగులన్నీ పోతాయి, గింజ శుభ్రంగా కనిపిస్తుంది. గింజ లోపలున్న పిల్లపురుగు మాత్రం అలాగే ఉంటుంది. డబ్బాలో పోసి మూత పెడితే నెల తిరక్కుండా మళ్లీ తూట్లు. రెండో నెల చివర మీ తమ్ముడి పరిస్థితి అదే. గాలిగొట్టాలకు దగ్గరగా ఉండి, వేగంగా పెరుగుతూ, దగ్గు తెప్పించే క్రిముల్లో చాలామటుకు మొదటి వారాల్లోనే పోతాయి. అందుకే దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. కణాల లోపల, చచ్చిన కణజాలం మధ్య నెమ్మదిగా పడి ఉన్నవి ఇంకా ఉంటాయి.

ఈ నెమ్మదితనమే అసలు చిక్కు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనుకూలంగా ఉంటే ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. టీబీ క్రిమి రెండు కావడానికి దాదాపు ఇరవై గంటలు పడుతుంది. కణం లోపల కొన్నయితే పెరగడమే దాదాపు మానేస్తాయి. పెరిగే క్రిమినే ఐసోనయాజిడ్ బాగా కొడుతుంది. గోడ కట్టడం మానేసినదాన్ని గోడ కట్టనివ్వకుండా చెయ్యడం వల్ల ఏం లాభం? అందుకని రిఫాంపిసిన్ అనే ఇంకో మందు కావాలి. అది కణాల్లోకి బాగా దూరుతుంది, మధ్యలో కాసేపు మేల్కొన్న క్రిమిని కూడా పట్టుకుంటుంది. మూత్రం నారింజ రంగులో వస్తోందంటే అది రిఫాంపిసిన్ వల్లే, రక్తమని భయపడకండి. పైరజినమైడ్ అనే మరో మందు పుల్లటి చోట్లలో ఉన్నవాటి మీద పనిచేస్తుంది. ఒకప్పుడు ఏడాదిన్నర నడిచే చికిత్స 1970లలో ఆరు నెలలకు దిగిందంటే ఈ రెండింటి చలవే.

రెండు నెలలయ్యాక నాలుగు మందుల్లోంచి పైరజినమైడ్ తీసేస్తారు. చాలా ఇళ్లలో దీన్ని ‘డాక్టరే మందులు తగ్గించారు, అంటే జబ్బు తగ్గినట్టే’ అని అర్థం చేసుకుంటారు. అది కాదు. మిగిలిన మూడు మందులు నాలుగు నెలలు నడవాల్సిందే. ఈ రెండో నెల చివర గళ్ల పరీక్ష మళ్లీ చేయించారో లేదో కనుక్కోండి. చెయ్యకపోతే అడిగి చేయించండి.

మీ తమ్ముడు ‘నాకు తగ్గిపోయింది’ అంటే అది ఉత్త మాట అని నేను అనను. చాలామందికి ఆరు నెలల లోపే నయమవుతుంది, అది నిజమే. కొత్త మందులు కలిపి నాలుగు నెలలకే ముగించి చూసిన పెద్ద పరీక్షల ఫలితాలు 2014లో వచ్చాయి. వాటిలో ఎక్కువమంది బాగానే ఉన్నారు. కానీ ఆరు నెలలు వాడినవాళ్లతో పోలిస్తే ఎక్కువమందికి తిరగబెట్టింది. ఎవరికి తిరగబెడుతుందో ముందే చెప్పే పరీక్ష మన ఆసుపత్రుల్లో లేదు. కాబట్టి అందరూ ఆరు నెలలు వాడాలి. తమ్ముడికి ఇలాగే చెప్పండి. భయపెట్టి చెబితే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు వింటాడని నాకు నమ్మకం లేదు.

ఇప్పుడు మీరడిగిన అసలు ప్రశ్న. ఇమ్యూనిటీ పెంచితే క్రిమికే మేలా? తెలివైన ప్రశ్న. దీని మీద పెద్ద పెద్ద ల్యాబులు ఏళ్ల తరబడి తలకొట్టుకున్నాయి.

క్రిమి ఉన్న మాక్రోఫేజ్ చుట్టూ మరిన్ని కణాలు వచ్చి గడ్డలా మూగుతాయి. దాన్ని గ్రాన్యులోమా అంటారు. క్రిమిని కట్టిపడేసే గోడ అదేనని చాలాకాలం అనుకున్నారు. కేంబ్రిడ్జిలో పనిచేసే లలితా రామకృష్ణన్ (నోబెల్ అందుకున్న వెంకీ రామకృష్ణన్‌కు చెల్లెలు) టీబీకి దగ్గర చుట్టమైన ఒక క్రిమిని జీబ్రాఫిష్ పిల్లల్లో పెట్టి చూశారు. ఆ పిల్లలు గాజులా పారదర్శకంగా ఉంటాయి, లోపల జరిగేదంతా కనిపిస్తుంది. తొలిదశలో అక్కడికి కొత్తగా వచ్చిన మాక్రోఫేజ్‌లు చచ్చిన కణాలతో పాటు వాటిలోని క్రిములను మింగి, వాటికి కొత్త ఇంటిని ఇవ్వడం ఆమె బృందం చూసింది. ఇంతవరకూ మీ భయమే నిజం.

ఆ బృందమే ఇంకో సంగతి కూడా చూసింది. ఈ కణాలు టీఎన్ఎఫ్ అనే సంకేత పదార్థాన్ని వాడతాయి. అది తక్కువైతే మాక్రోఫేజ్ క్రిమిని ఆపలేక చస్తుంది. అది ఎక్కువైనా లోపలి రసాయనాల ఘాటుకు మాక్రోఫేజ్ పగిలి చస్తుంది, క్రిమి బయటపడి ఇంకా హాయిగా పెరుగుతుంది. కీళ్లవాతానికి టీఎన్ఎఫ్‌ను అణిచే ఇంజెక్షన్లు తీసుకునేవారిలో నిద్రపోతున్న టీబీ లేచే ముప్పు పెరుగుతుంది. మెదడు పొరల టీబీలో మాత్రం మంటను అణచడానికి డాక్టర్లు కొన్ని వారాలు స్టెరాయిడ్ ఇచ్చి ప్రాణం కాపాడతారు. అందుకే ‘ఇమ్యూనిటీ పెంచే’ అని ఎవరైనా అమ్మితే, దేన్ని పెంచుతుందో, ఎంత పెంచుతుందో అడగాలి. అమ్మేవాడి దగ్గర జవాబుండదు.

అలాగని మాక్రోఫేజ్‌లు మనకు శత్రువులని అనుకోకండి. టీ కణాలనే మరో రకం రోగనిరోధక కణాలు వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే కబురు అందిస్తే ఇదే మాక్రోఫేజ్ నిద్రలేచినట్టు మారిపోతుంది, ఆపేసిన సంచిని పులియబెడుతుంది, చాలా క్రిములను చంపుతుంది. ప్రపంచంలో దాదాపు నాలుగోవంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ క్రిమి సోకిందని అంచనా. అలా సోకినవారిలో జబ్బు పడేది జీవితకాలంలో నూటికి ఐదు నుంచి పదిమంది. మిగతావాళ్లను కాపాడుతున్నది ఈ కణాలే. హెచ్‌ఐవీ వచ్చి టీ కణాలు తగ్గితే ఈ లెక్క తలకిందులవుతుంది. షుగర్ ఉన్నా ముప్పు పెరుగుతుంది. మీ తమ్ముడికి ఈ రెండు పరీక్షలూ చేసే ఉంటారు, రిపోర్టు చూడండి.

తిండి సంగతి వేరు. టీబీ క్రిమి మనిషి కణంలోని కొలెస్టరాల్, కొవ్వు తిని బతుకుతుంది. అలాగని తమ్ముడికి నూనె మాన్పించకండి! కణంలో కొవ్వు మీరు వేసే తాలింపును బట్టి చేరదు. తిండి చాలనివారిలోనే టీబీ విరుచుకుపడుతుంది. మీ ఒడిశా పక్కనే జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అనే పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. 2,800 మంది రోగుల ఇళ్లలో చేశారు. రోగులందరికీ దినుసులిచ్చారు. కొన్ని ఇళ్లలో మిగతా కుటుంబానికి కూడా నెలనెలా బియ్యం, పప్పు, వాటితో పాటు సూక్ష్మపోషకాలు ఇచ్చారు. అలా ఇచ్చిన ఇళ్లలో మిగతావారికి టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. ముఖ్యంగా బియ్యం, పప్పే! తమ్ముడికి రోజూ రెండు గుడ్లు, పప్పు, చోడి అంబలి, ఉలవచారు, వీలైతే చేప, పెరుగు పెట్టండి. మీ చద్దన్నం భేషుగ్గా పెట్టచ్చు, పక్కన పప్పో గుడ్డో ఉండాలి, అంతే. నిక్షయ్ పోషణ్ యోజన అనే ప్రభుత్వ పథకం కింద చికిత్స ఉన్నన్ని నెలలూ అతని ఖాతాలో డబ్బు పడాలి. 2024 నవంబరు నుంచి అది నెలకు 1,000 రూపాయలు. పడకపోతే బ్యాంకు ఖాతా వివరాలు ఆసుపత్రిలో మళ్లీ ఇవ్వండి.

ఇక ఆర్ఎంపీ గారి ఇంజెక్షన్లు. సూదైతే బలం, మాత్రైతే తేలిక అనే నమ్మకం మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. టీబీలో మొదట పనిచేసిన మందు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షనే. దాన్ని బ్రిటన్‌లో పరీక్షించి 1948లో ఫలితాలు ప్రకటించినవారిలో ముఖ్యుడు, పైన చెప్పిన డార్సీ హార్టే. మొదటి నెలల్లో రోగులు మీ తమ్ముడిలాగే తేరుకున్నారు. తర్వాత చాలామందిలో క్రిమి మందుకు మొండికేసింది, జబ్బు తిరగబెట్టింది. ఒక్క మందు చాలదని అక్కడే తెలిసింది. పైగా ఆ మందు కణాల లోపలికి బాగా వెళ్లదు, పులుపులో బలం తగ్గుతుంది. ఇప్పుడు మామూలు టీబీకి అది వాడరు. ఆయన చేసేది విటమిన్ సూదయితే డబ్బు దండగ, అంతే. పొడి విషయంలో నాకు అసలు భయముంది. లేబుల్ లేని బలం పొడుల్లో స్టెరాయిడ్ కలిపే అలవాటు కొందరికి ఉంది. తిన్న వారానికి ఆకలి, హుషారు వస్తాయి, మొహం ఉబ్బుతుంది. లోపల మాత్రం మాక్రోఫేజ్ చేతులు కట్టేసినట్టే. ఆ పొడి వద్దు. ఇప్పటికే వాడుతుంటే మీ చేత్తో ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకు చూపించి ఆయన చెప్పినట్టు చెయ్యండి.

మందులవల్ల వచ్చే ఇబ్బందులు కూడా తెలిసుండాలి. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకేసినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా, కాళ్లు తిమ్మిరెక్కినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిమ్మిరికి పిరిడాక్సిన్ అనే విటమిన్ ఇస్తారు. సారా, జీలుగు కల్లు ఈ ఆరు నెలలూ వద్దు. ఈ మందులతో అసలే లివర్‌కు పని ఎక్కువ.

బాబు గురించి. నాలుగేళ్ల పిల్లవాడికి టీబీ వస్తే మెదడు పొరలకు పాకే ముప్పు పెద్దలకంటే ఎక్కువ. బాబుకు బీసీజీ వేయించే ఉంటారు. ఆ టీకా క్రిమి బలహీనంగా ఉండడానికి ఒక పెద్ద కారణం, సంచిని చిల్లు పొడిచే సామగ్రికి కావలసిన జన్యువులను అది పోగొట్టుకుంది. అందుకే మాక్రోఫేజ్‌లో ఉన్నా జబ్బు చెయ్యదు. పిల్లల్లో తీవ్రమైన టీబీని బీసీజీ బాగానే ఆపుతుంది, పూర్తి భరోసా మాత్రం కాదు. కాబట్టి బాబును, మిమ్మల్ని, మీ అమ్మగారిని పరీక్షించమని టీబీ కేంద్రంలో అడగండి. జబ్బు లేదని తేలాక నివారణ మందులు ఇస్తారు. నివారణ మందు మింగడమంటే జబ్బుందని ఒప్పుకోవడం కాదని వీధిలో అడిగేవాళ్లకు చెప్పండి. కంచం, గ్లాసు వేరు పెట్టనక్కర్లేదు. మద్రాసు క్షయ కేంద్రంలో 1959లోనే తేల్చారు, ఇంట్లో ఉంచి మందులిస్తే శానిటోరియంలో (క్షయ రోగులను విడిగా ఉంచే ఆసుపత్రిలో) పెట్టినంత బాగానే నయమవుతుందని. దానివల్ల ఇంట్లోవాళ్లకు ముప్పేమీ పెరగలేదని కూడా.

మీ అమ్మగారి అడ్డపొగ సంగతి. నిప్పు లోపల పెట్టి చుట్ట పీల్చడం మన తీరంలో, మీ కొండవైపు ఊళ్లలో పెద్దవాళ్లకు చిన్నప్పటి అలవాటు. అంగిలికి కాన్సర్ ముప్పు ఉందని మీకు తెలిసే ఉంటుంది. ఇంట్లో పొగ కమ్మితే ఊపిరితిత్తుల మాక్రోఫేజ్‌లు ఆ నుసి మింగుతూ కూర్చుంటాయి, క్రిమి వచ్చేసరికి వాటి చేతులు ఖాళీగా ఉండవు. ఈ వయసులో మాన్పించడం మీ వల్ల కాకపోవచ్చు. కనీసం ఇంటి బయట, వాకిట్లో తాగమనండి. తమ్ముడికి బీడీ అలవాటుంటే మాత్రం దాని విషయంలో బేరం లేదు.

తమ్ముడు విశాఖ వెళ్లడం గురించి. ఒంట్లో ఓపికుండి, ఈ గళ్ల పరీక్షలో క్రిమి కనిపించకపోతే, డాక్టరు సరేనంటే వెళ్లొచ్చు. పనిలో చేరాడని చికిత్స ఆగనక్కర్లేదు. టీబీ రోగిగా నమోదు చేసినప్పుడు అతనికి నిక్షయ్ నంబరు ఒకటి ఇచ్చి ఉంటారు. అది దేశమంతా చెల్లుతుంది. గుణుపూరు ఆసుపత్రిలో బదిలీ పెట్టించుకుని, దారికీ మొదటి రోజులకూ సరిపడా మాత్రలు తీసుకుని వెళ్లమనండి. విశాఖలో అతని గదికి దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఆ నంబరు చూపిస్తే మిగతా నెలల మాత్రలు అక్కడే ఇస్తారు. ఎవరైనా లేదన్నా, తిప్పినా టీబీ సహాయ నంబరు 1800-11-6666కు ఫోన్ చెయ్యమనండి, ఆ కాల్ ఉచితం. బదిలీ కాగితం చేతికొచ్చాకే టిక్కెట్టు తీయించండి.